ఇంకా రంగు తెలియని గుర్రం

సామాను అయిదు కిలోలు మించకూడదట.
వంటింటి త్రాసు మీద నా ప్రయాణాన్ని పెట్టి చూస్తున్నాను.
పిండి తూచే పళ్ళెంలో
ఒక ఉన్ని చొక్కా, రెండు జతల మేజోళ్ళు,
డెక్కలో ఇరుక్కున్న రాళ్ళు తీసే కొక్కెం.
టూత్‌బ్రష్ పిడిని రంపంతో సగానికి కోశాను.
అద్దం వదిలేశాను. యాభై నాలుగేళ్ళ ముఖాన్ని
ఆ గడ్డిమైదానంలో ఎవరడుగుతారు?
ఇంకా నూట నలభై గ్రాములు ఎక్కువే.

ఓడరేవులో టిక్కెట్లు చింపడం నా పని.
సోమ, బుధ, శుక్రవారాలు
పొద్దున ఆరున్నర ఓడకి వాళ్ళొస్తారు,
రక్తం కడిగించుకోవడానికి సముద్రం దాటేవాళ్ళు.
తుఫాను రోజు ఓడ కదలదు.
వాళ్ళ ఒంట్లో నీరు మాత్రం
ఏ హెచ్చరికా వినకుండా పెరుగుతూనే ఉంటుంది.
టోర్మడ్ ఎప్పుడూ రానూపోనూ కలిపే కొనేవాడు.
ఒక ఫిబ్రవరిలో
తిరుగు ముక్క చింపించుకోవడానికి రాలేదు.

దీవికి ఒక యంత్రం కావాలి.
దానికోసం మంగోలియాలో ఆరువందల కిలోమీటర్లు
స్వారీ చేస్తానని
చర్చి హాల్లో, టీ కప్పు చేతిలో ఉండగా, అనేశాను.
అప్పటికి గుర్రమెక్కి ముప్పై ఏళ్ళు.

కిలోమీటర్లు అమ్ముడుపోతున్నాయి.
మాంసం కొట్టు లాక్లన్ ఇరవై కొన్నాడు,
"వాగులు లేనివి చూసి ఇవ్వు" అంటూ.
బడిపిల్లలు చిల్లర పోగేసి మూడున్నర.
టోర్మడ్ భార్య యూనా
ఒకే ఒక్కటి కొంది.
ఎన్నోదో చెప్పలేదు,
నేనూ అడగలేదు.

శనివారాలు ఈషబెల్ వాళ్ళ ముసలి గుర్రం మీద సాధన.
ఇక్కడ వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది.
"మడమలు కిందికి! చూపు దాని చెవుల మధ్య!"
జీను కింద తొడలు ఒరుసుకుపోయాయి.
ఎద్దు పుండు కాకికి ముద్దంటారు,
నా పుండు ఊరందరికీ ముద్దు.
టిక్కెట్టు తీసుకుంటూ అడుగుతారు,
"మానిందా?"
గుర్రం దిగాక కాసేపు నేలే నడుస్తున్నట్టుంటుంది.
ఓడ దిగినవాళ్ళు ఇదే మాట చెబితే
ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకున్నాను.

నిన్న సరన్‌గెరెల్ నుంచి జవాబొచ్చింది.
నాకిచ్చే గుర్రం పేరేమిటని అడిగాను లెండి.
"మేం పేర్లు పెట్టం. రంగుతో పిలుస్తాం.
మీకు ఏ రంగు వస్తుందో
మంద దిగాక చూద్దాం.
ఇప్పుడవి కొండ వెనక ఉన్నాయి. మంచు గట్టిపడింది.
ఈసారి అన్నీ మిగలకపోవచ్చు."

ఆ ఉత్తరం చదివాక
నిద్ర రాలేదు.
నేను త్రాసు ముందు కూర్చున్న ఈ వేళకి
ఎక్కడో అది
ముందు డెక్కతో మంచు గీకుతూ ఉంటుంది,
కింద ఏదైనా పచ్చగా తగులుతుందేమోనని.
దానికి ఏ సాధనా లేదు. బతకడమే.
లాక్లన్ ఇరవై దానికి తెలియవు.
యూనా ఒక్కటీ తెలియదు.

దానమిచ్చిన ఆవుకి పళ్ళు ఎంచొద్దంటారు.
మరి దానం కోసం మోసే గుర్రం?
అది నన్ను ఎంచొద్దా,
నా పళ్ళు, నా బరువు,
కళ్ళెం పట్టిన నా చేతుల వణుకు?
ఎముకలు తేలిన ఆ వీపుని
ఎవర్నడిగి కిలోమీటర్ల లెక్కన అమ్మాను?

జవాబులో ఇంతే రాశాను:
"రంగు ఏదైనా ఫరవాలేదు.
ముందు తిండి పెట్టండి. ఆ ఖర్చు నాది, విరాళంలోది కాదు."
ఓడరేవు పక్క దుకాణంలో ఆదివారాలు
చేపలు శుభ్రం చేసే పని ఒప్పుకున్నాను.

మేజోళ్ళలో ఒక జత తీసేశాను.
ముల్లు కాస్త జరిగింది. చాలలేదు.
ఉన్ని చొక్కా వైపు చూస్తూ కూర్చున్నాను.

రేపు సోమవారం.
గాలి వాయవ్యం నుంచి లేస్తోంది.
ఆరున్నర ఓడ వెళ్తుందో లేదో.